పక్కకి తప్పిన సూది గుర్తు

మే 11, మంగళవారం

మా ఆయన టోర్‌గ్రిమ్ షూటింగ్ క్లబ్బు నుంచి తెచ్చిన, కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు కడిగి తువ్వాలు మీద ఆరబెట్టాను. అరవై తూటాలు పంపాను, అరవై గొట్టాలు తిరిగొచ్చాయి. అంతవరకూ బాగానే ఉంది. సూది గుర్తు మాత్రం పక్కకి ఉంది.

ఒకదానికి కాదు, అరవైకీ.

మా ముసలోడి రైఫిల్ సూది ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తూటా అడుగున నడిమధ్యన కొడుతోంది. చంటిపిల్ల బొడ్డులా అక్కడొక చిన్న గుంట పడుతుంది. ఇవాళ వచ్చినవాటికి ఆ గుంట కిందికి, ఎడమకి జరిగింది. సూది వంగిందా? అడిగితే "నీకింకేం పని లేదా" అంటాడు. లేదు నాయనా, లేదు. మందుల షాపులో ముప్ఫై ఎనిమిదేళ్ళు మిల్లీగ్రాములు తూచి రిటైరైన దాన్ని. చూడటం తప్ప నాకింకేం వచ్చు?

మే 12

అడిగాను. సూది తీసి శుభ్రం చేశాడట, మళ్ళీ బిగించాక కొంచెం జరిగిందట. సరే. అంతే అయ్యుంటుంది.

మే 17, సోమవారం

జాతీయ దినం. పొద్దున్నుంచీ జెండాలు, బ్యాండు, ఐస్‌క్రీములు, చలి. ఊళ్ళో ఆడవాళ్ళం అందరం మా లోయ పండగ బట్టల్లోనే, అవే నీలం ఉన్ని లంగాలు, అవే వెండి బిళ్ళలు. ఊరేగింపు మొదలవుతుంటే టోర్‌గ్రిమ్ చక్కా వెళ్ళి బడి హెడ్మిస్ట్రెస్ చెయ్యి పట్టుకుని "పద ముసలీ, కాళ్ళు గడ్డకడుతున్నాయి" అన్నాడు. ఆవిడ కెవ్వున నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

"పండగ పూట ఒక ఆడదాంతో సరిపెట్టుకోవాలా ఏంటి?" అన్నాడు నా దగ్గరికొచ్చి. నలభై ఏళ్ళ కాపురంలో ఇంత సరసం ఎప్పుడు నేర్చాడో!

ఆ తర్వాత తూరిద్ వచ్చి వాటేసుకుంది. క్లబ్బు కార్యదర్శి. మొగుడు పోయి మూడేళ్ళు. యాభై ఎనిమిదేళ్ళకి నడుము నా మణికట్టంత. "ఆస్లౌగ్, నీ మొగుడు బంగారం! ఇంట్లో అంత బంగారం పెట్టుకుని నువ్వు ఎప్పుడు చూసినా నేలమాళిగలోనే ఉంటావట!"

"నీకేం చేసిపెట్టాడేమిటి మా బంగారం?"

"అబ్బే, ఏం లేదు," అంది. మొహం మాత్రం ఎర్రబడింది. చలికి కూడా ఎర్రబడుతుంది, నాకూ ఎర్రబడింది.

నేలమాళిగ సంగతి దానికి ఎవరు చెప్పారు? అక్కడ నేనేం చేస్తానో ఊళ్ళో ఎవరికీ తెలియదు. టోర్‌గ్రిమ్ తూటాలు, టోర్‌గ్రిమ్ తూటాలు అంటారు. కొట్లో కొన్నవాటితో అందరూ అన్నం పళ్ళెమంత చోట్లో కాలిస్తే అతను కాఫీ కప్పంత చోట్లో ఐదూ పెడతాడని చెప్పుకుంటారు. అతను కాలుస్తాడు, నిజమే. చేసేది నేను. పాత గొట్టం కడిగి, మెడ సరిచేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త క్యాప్ పెట్టి, తుపాకీ మందు గింజలెక్కన తూచి పోసి, పైన గుండు బిగించేది నేను. అతని రైఫిల్ గొంతు ఎంత లోతో నాకు తెలిసినట్టు అతనికి కూడా తెలియదు. దానికి వెంట్రుక వాసి దూరంలో ఆగేలా గుండు కూర్చోబెడతాను. పేరు అతనిదైనా నాకెప్పుడూ బాధ లేదు. చప్పుడంటే నాకు పడదు, ఒక్కసారి కాల్చి మూడు రోజులు చెవి పట్టుక్కూర్చున్నాను.

బాధ లేదు అని రాశాను. లేదనే అనుకుంటున్నాను.

మే 20

ఉక్కు అచ్చు తీశాను. రైఫిల్ బాగుచేసే ఆయన మా రైఫిల్ కొలతకే కోసిచ్చిన అచ్చు. మా రైఫిల్లో పేలిన గొట్టం అందులో వేస్తే జారి అడుక్కి పోతుంది, గూట్లోకి పిట్ట పోయినట్టు. మొన్నటివి వేశాను. గోరు మందాన పైకి లేచి నిలబడ్డాయి.

అచ్చులో దుమ్ము ఉందేమో. తుడిచాను. మళ్ళీ వేశాను. మళ్ళీ తుడిచాను.

అచ్చు అరిగిందేమో. కానీ ఉక్కు అరిగితే గొట్టం ఇంకా లోపలికి పోవాలి కదా, పైకెందుకు లేస్తుంది?

వంట చేసుకోవాలి. పులుసు మాడుతోంది.

జూన్ 2

నిన్న క్లబ్బు నుంచి టోర్‌గ్రిమ్ కాల్చిన కాగితం తెచ్చాడు. మా చిన్న క్లబ్బులో ఇంకా కాగితం మీదే గురి చూసి కాలుస్తారు. ఎప్పుడూ బల్ల మీద పరిచి "చూడు నీ పిల్లలు ఎలా కూర్చున్నారో" అంటాడు. నిన్న మడిచి ఫ్రిజ్ మీద పెట్టేసి స్నానానికి పోయాడు.

నేనే విప్పి చూశాను. ఐదు రంధ్రాలు. ఒకదాన్నొకటి ఆనుకుని, కాఫీ కప్పు కాదు, గుడ్డు పెట్టుకునే గిన్నెంత చోట్లో. ముందు గుండె ఉప్పొంగింది. అబ్బ, ఎంత బాగా కూర్చున్నాయే!

తర్వాత నాలుగోది వెతికాను.

టోర్‌గ్రిమ్ నాలుగో గుండు ఎప్పుడూ కుడికి పోతుంది. మూడు బాగా పడ్డాయని తెలిసేసరికి వాడికి తొందర పుడుతుంది, నాలుగోది లాగేస్తాడు, ఐదోది మళ్ళీ సర్దుకుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. పెళ్ళిరోజు మర్చిపోయాడు గానీ నాలుగోది లాగడం మర్చిపోలేదు. ఈ కాగితంలో లాగిన గుండు లేదు.

ఇది ఓపిక ఉన్నవాళ్ళెవరో కాల్చారు.

జూన్ 8

నా కళ్ళలోకి చూడటం లేదు. ఇది నేను ఊహించుకోవడం కాదు, మూడు రోజులుగా గమనిస్తున్నాను. మాట్లాడేటప్పుడు నా చెవి వైపు చూస్తాడు. బంగాళదుంపలు వడ్డిస్తుంటే చెవి వైపు. "పశువుల డాక్టరు ఫోన్ చేశాడు" అంటే చెవి వైపు. తప్పు చేసిన మగాడు ఎక్కడ చూస్తాడో అక్కడ చూస్తున్నాడు.

పోయిన వారం పట్నం వెళ్ళొచ్చాడు, పన్ను చూపించుకోవడానికట. వచ్చేసరికి కుడి కన్ను ఎర్రగా ఉంది. ఏడ్చాడనుకున్నాను. ఎవరి కోసం?

రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అరవై ఆరేళ్ళ దాన్ని.

జూన్ 10

పొద్దున కాఫీ దగ్గర "పేపరు చదివి వినిపించరాదూ, నీ గొంతు వింటే హాయిగా ఉంటుంది" అన్నాడు.

పెళ్ళైన కొత్తలో కూడా అనలేదు ఆ మాట. తప్పు కప్పిపుచ్చుకునేవాళ్ళే ఇలా తీపిగా మాట్లాడతారు. అయినా చదివాను. పశువుల దాణా ధర నుంచి చనిపోయినవాళ్ళ వార్తల దాకా అన్నీ చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

నాకూ హాయిగానే ఉంది. అదే నాకు అర్థం కావట్లేదు.

జూన్ 14

తోటలో రూబార్బ్ కాడలు ఎక్కువయ్యాయని తూరిద్ ఇంటికి ఒక కట్ట పట్టుకెళ్ళాను. ఎవరికి అబద్ధం చెబుతున్నాను? చూడ్డానికే వెళ్ళాను.

వసారాలో కిటికీ గట్టు మీద ఖాళీ గొట్టం ఒకటి నిలబెట్టి ఉంది. తూరిద్ కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళగానే తిప్పి చూశాను. గుంట కిందికి, ఎడమకి.

అదే గుర్తు. అరవైకి అరవై.

"ఏమిటలా పాలిపోయావ్?" అంది కాఫీ పెడుతూ. "కేకు తిను, అసలు తినవు నువ్వు." తిన్నాను. ఏలకుల వాసన. బాగుంది కూడా, దిక్కుమాలిన కేకు.

అయితే ఇదన్నమాట. నేను అతని కోసం, అతని రైఫిల్ కోసం, రెండు చేతుల్తో పిల్లల్ని పెంచినట్టు చేసిన తూటాలు తీసుకెళ్ళి దానికిస్తున్నాడు. పువ్వులిస్తే ఇంత మండేది కాదు.

జూన్ 16

చేశాను.

శనివారం జిల్లా పోటీలు. తూరిద్ కాలుస్తుంది. టోర్‌గ్రిమ్ "ఈసారి కాలిస్తే కాలుస్తాను, లేకపోతే లేదు" అంటూనే వంద తూటాలు అడిగాడు. వందా చేశాను. ప్రమాదం రాకుండా, గురి మాత్రం చెదిరేలా. ఒకదానికి మందు రవ్వ ఎక్కువ, ఒకదానికి రవ్వ తక్కువ. ఒకటి బిగించి, ఒకటి వదులుగా. త్రాసు ముందు కూర్చుని తప్పు తూచడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. చెయ్యి ఒప్పుకోదు, పళ్ళెంలో గింజలు తనంతట తానే సరిచేయబోతుంది. తిట్టి వెనక్కి లాక్కున్నాను.

ఒక్క చెడ్డ తూటా నా చేతినుంచి ఎప్పుడూ బయటికి పోలేదు. ఇప్పుడు వంద పోతున్నాయి.

జూన్ 19, శనివారం

తూరిద్ ముప్ఫై ఏడో స్థానం.

నేనూ వెళ్ళాను, వాఫుల్స్ కాల్చే బల్ల దగ్గర సాయం చేస్తానని. చెవుల్లో దూది పెట్టుకుని పిండి పోస్తూ చూస్తున్నాను. టోర్‌గ్రిమ్ కాల్చలేదు. తూరిద్ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మార్కుల బోర్డు మూరెడు దూరంలో ఉంటే పక్కవాణ్ణి అడుగుతున్నాడు, "ఎంతొచ్చింది? ఎంతొచ్చింది?" అని. దాని మీద అంత ఆత్రం.

అయ్యాక తూరిద్ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఆస్లౌగ్, నీకు చెప్పొద్దన్నాడు గానీ ఇంక నావల్ల కాదు. నీ మొగుడు వసంతం నుంచీ తన తూటాలన్నీ నాకే ఇస్తున్నాడు. భుజం నొప్పట, కాల్చలేకపోతున్నాడట. నీకు తెలిస్తే బెంగ పెట్టుకుంటావని దాస్తున్నాడు. గొట్టాలు, కాగితాలు తిరిగిచ్చేయమన్నాడు, ఇచ్చేస్తున్నాను. అంత మంచి తూటాలు చేతికిస్తే ఇవాళ నేను చేసిన పని చూడు! అతని పరువు తీశాను."

ఆవిడ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను వాఫుల్ మీద జామ్ రాసి చేతికిచ్చాను.

జూన్ 20

తూరిద్‌కి ఏ పాపమూ తెలియదు. పాపం చేసింది నేను.

ఒకటే తెలియట్లేదు. భుజం నొప్పి ఏమిటి? గురువారమే ఒక లారీ కట్టెలు ఒక్కడే పేర్చాడు. కుడి చేత్తో గొడ్డలి ఎత్తి కొట్టాడు. ఈల వేసుకుంటూ.

దానికీ అబద్ధం చెప్పాడు, నాకూ అబద్ధం చెప్పాడు. మరి నిజం ఎవరి దగ్గరుంది?

జూలై 1

భుజానికి నూనె రాయనా అన్నాను. "ఎందుకు?" అన్నాడు. నిజంగానే తెలియనట్టు. తర్వాత గుర్తొచ్చి "ఆ, రాయి" అన్నాడు. ఎడమ భుజం చూపించాడు. రైఫిల్ ఆన్చేది కుడి భుజానికి.

జూలై 8

ఇవాళ ఒక పని చేశాను. పది ఖాళీ గొట్టాలు బల్ల మీద పోసి "వీటిలో పగులు ఉన్నది ఒకటుంది, ఏరి పెట్టు, నా కళ్ళజోడు పైన ఉండిపోయింది" అన్నాను. ఇదివరకు నేను అడగడం పూర్తయ్యేలోపే తీసి పడేసేవాడు.

ఒక్కోటి చేతిలోకి తీసుకున్నాడు. మెడ చుట్టూ బొటనవేలి గోరు తిప్పాడు. చూడలేదు. గోడ వైపు మొహం పెట్టి, గోరుతో, పదీ. ఏడోది పక్కన పెట్టాడు.

సరిగ్గానే పెట్టాడు.

జూలై 9

రాయను.

జూలై 11

రాయకపోతే లేనట్టా?

కళ్ళు. భుజం కాదు, తూరిద్ కాదు. కళ్ళు. పండగనాడు హెడ్మిస్ట్రెస్. పేపరు. బోర్డు. పన్ను కోసమని పట్నం వెళ్ళొస్తే ఎర్రబడ్డ కన్ను. మందుల షాపులో అలాంటివాళ్ళని ఎంతమందిని చూశాను, మాత్ర పక్కన వేలు పెట్టి నొక్కుతారు. ఇంట్లో వాణ్ణి చూడలేకపోయాను. సూది గుర్తు మాత్రం చూశాను.

నాకు సంతోషం కలిగింది. ఇది కూడా రాయాలి. ముందు ఒక్క క్షణం సంతోషం కలిగింది, తూరిద్ కాదు కదా అని. తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

జూలై 25

అడగలేదు.

పట్నం వెళ్దామంటే మోకాలు నొప్పి అంటున్నాను. కొట్టుకి నడిచే వెళ్దాం, గాలి బాగుంది అంటున్నాను. క్లబ్బుకి మాత్రం అతనే కారు నడుపుకుంటూ పోతున్నాడు. నాలుగు కిలోమీటర్లే కదా, ఎదురుగా ఎవరొస్తారు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అతను వెళ్ళాక ఇంజను చప్పుడు తిరిగి వినపడేదాకా కిటికీ దగ్గరే నిలబడుతున్నాను.

ఈపాటికి చెప్పేస్తాడని రోజూ అనుకుంటున్నాను. అడిగితే అబద్ధం చెబుతాడు. ఒకసారి చెప్పాక దాన్ని నిలబెట్టుకోడానికి ఎంత దూరమైనా పోతాడు. నలభై ఏళ్ళు చూశాను కదా. అందుకే అడగట్లేదు. లేక విని తట్టుకోలేక అడగట్లేదేమో. రెండూ ఒకలాగే ఉన్నాయి.

ఆగస్టు 24, మంగళవారం

ఐవిన్ వచ్చాడు. మా దుప్పుల వేట జట్టుకి నాయకుడు. వంటింట్లోకి వస్తూనే కాఫీ పోసుకున్నాడు, అడగడం వాడి వంశంలో లేదు.

"టోర్‌గ్రిమ్, జట్టులో పరీక్ష కాల్చనిది నువ్వొక్కడివే. ఐదు గుళ్ళు, వంద మీటర్లు, అట్ట జంతువు గుండె మీద వలయం. నీకది పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు. శనివారం వచ్చి కాల్చి పో. పరీక్ష లేకుండా ఈ సెప్టెంబర్లో అడవిలోకి నిన్ను రానిస్తే నా లైసెన్స్ పోతుంది."

"వస్తాను."

"బురద మడుగు దగ్గర మాటు నీకే ఉంచాను, ఎప్పట్లాగే. మడుగు అవతల ఈసారి మా అల్లుణ్ణి కూర్చోబెడుతున్నాను. కొత్తవాడు. నీ ఎదురుగా ఉంటే నాకు నిశ్చింత."

టోర్‌గ్రిమ్ కాఫీ కప్పు వైపు చెయ్యి చాచి, కప్పు ఎక్కడుందో వేళ్ళతో తడిమి పట్టుకున్నాడు. ఐవిన్ వాఫుల్ మీద వెన్న రాసుకుంటున్నాడు, చూడలేదు.

వాడు వెళ్ళాక టోర్‌గ్రిమ్ నా చెవి వైపు తిరిగాడు. "పది చెయ్యవే. సరిచూసుకోవడానికి ఐదు, పరీక్షకి ఐదు. నేను తుమ్మినా లోపల పడేంత మంచివి చెయ్యి."

ఆగస్టు 26

మడుగు అవతల ఐవిన్ అల్లుడు కూర్చుంటాడు. వాడి భార్యకి నవంబర్లో కాన్పు.

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. జూన్‌లో చేసినట్టు చెడ్డవి చేసిస్తే పరీక్ష తప్పుతాడు. అడవికి పోడు. ఎంత సులువు! కానీ తప్పితే ఏమంటాడు? తూటాలు బాలేవంటాడు. మర్నాడు కొట్లో కొనుక్కుని మళ్ళీ వెళ్తాడు, ఎన్నిసార్లయినా కాల్చనిస్తారు. అట్ట జంతువు పెద్దది, కదలదు. ఎప్పుడో ఒకసారి అదృష్టం బాగుండి ఐదూ పడతాయి. అప్పుడు మడుగు దగ్గర కూర్చుంటాడు.

మంచివి చేసిస్తే?

మంచివి చేసినా అదృష్టం బాగుంటే పడతాయి. నేను చేసినవి పడటానికే పుట్టినవి. ఎటు చూసినా దారి తోచట్లేదు. కానీ తూటాల మీదకి తోసెయ్యడానికి వీల్లేకుండా చెయ్యడం ఒక్కటే నా చేతిలో ఉంది. నా తూటా ఎలాంటిదో వాడికి తెలుసు. అది తప్పిందంటే ఏది తప్పిందో వాడికే తెలుస్తుంది.

ఆగస్టు 27

పది చేశాను. రెండు వందల గొట్టాల్లోంచి పది ఏరాను. ప్రతి గుండూ తూచాను. మందు మూడుసార్లు తూచాను, త్రాసు ముల్లు ఊపిరికి కదులుతుందని మూతికి గుడ్డ కట్టుకున్నాను. మెట్ల మీద కూర్చుని అతను వింటున్నాడు, చేసేది కనపడకపోయినా.

ఇంతకంటే మంచివి నేను చేయలేదు, ఇక చేయలేను కూడా.

ఆగస్టు 28, శనివారం

నేనూ వస్తానన్నాను. "చప్పుడు పడదుగా నీకు," అన్నాడు. దూది ఉందన్నాను. అతను కారు నడుపుతుంటే దారంతా వాగుతూనే ఉన్నాను. "అదుగో, పాలడబ్బాల మలుపొచ్చేసింది, ఆ ఇంటివాళ్ళు కొత్త రంగు వేసినట్టున్నారు కుడివైపు... ఎవరో సైకిల్ మీద వస్తున్నారు, పాపం అంచునే వస్తున్నారు..." ఇన్ని కబుర్లు ఎప్పుడూ చెప్పలేదు. అతను ఒక్కసారి కూడా నోరు ముయ్యమనలేదు.

క్లబ్బులో ఐవిన్, తూరిద్, ఇంకో ఐదారుగురు. టోర్‌గ్రిమ్ సరిచూసుకునే ఐదూ కాల్చకుండా నేరుగా పరీక్షకి పడుకున్నాడు. చాప మీద పడుకున్న వాడి వీపు నాకు కొత్తగా కనిపించింది. ఎంత చిన్నదైపోయింది.

ఐదూ కాల్చాడు. మెల్లిగా, ఒక్కోదానికి చాలాసేపు తీసుకుని. నాలుగోదానికి కూడా తొందరపడలేదు.

ఐవిన్ దూరదర్శిని లోంచి చూసి, పక్కకి తప్పుకుని, మళ్ళీ చూశాడు. "అట్ట మీద రెండు. ఒకటి కాలికి. వలయంలో ఒక్కటీ లేదు. ఏమిట్రా ఇది టోర్‌గ్రిమ్?"

టోర్‌గ్రిమ్ లేవలేదు. "రైఫిల్ మీది గురి అద్దం కదిలిందేమో," అన్నాడు నేల వైపు చూస్తూ.

"అంతే అయ్యుంటుంది," అన్నాడు ఐవిన్, కాస్త ప్రాణం లేచొచ్చినట్టు. "ఇలా తే. ఇంకో ఐదున్నాయిగా, నేను కాల్చి చూస్తాను. రైఫిల్‌దో, మనిషిదో ఇప్పుడే తేలిపోతుంది." వంగి తూటాల పెట్టె అందుకున్నాడు.

నా తూటాలు. ఐవిన్ కాల్చాడంటే ఐదూ గుండెలో పడతాయి. అందరూ చూస్తారు. టోర్‌గ్రిమ్ చాప మీద పడుకుని ఉంటాడు.

"ముట్టుకోకు!" అన్నాను. ఎంత గట్టిగా అరిచానో, తూరిద్ అదిరిపడింది. "వాటిని కాల్చకండి. అవి చెడ్డవి."

"చెడ్డవా? టోర్‌గ్రిమ్ చేసిన తూటాలు చెడ్డవా?"

"టోర్‌గ్రిమ్ చెయ్యలేదు. నేను చేశాను. ముప్ఫై ఏళ్ళుగా చేసేది నేనే. ఈసారి తప్పు తూచాను. వయసైపోయింది, ఏ డబ్బాలో ఏ మందు పోశానో నాకే గుర్తులేదు. తప్పు నాది." ఐవిన్ చేతిలోంచి పెట్టె లాక్కున్నాను.

ఐవిన్ నోరు తెరుచుకు చూశాడు, తర్వాత పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! ఇన్నాళ్ళూ భార్య వండిపెడుతుంటే గొప్పంతా నువ్వు కొట్టేశావా? ఈసారి ఉప్పెక్కువేసింది చూడు! రేపు కొట్లో కొన్నవి పట్టుకురా." అందరూ నవ్వారు. తూరిద్ ఒక్కతే నవ్వలేదు. జూన్ పోటీలు గుర్తొచ్చి ఉంటాయి. అప్పటి తూటాలూ చెడ్డవే అనుకోనీ, ఆ ఒక్కటైనా నిజమే.

మొదటిసారి నా పని గురించి నలుగురికీ తెలిసింది, ఇలా తెలిసింది. పెట్టె చంకలో పెట్టుకుని కారు దగ్గరికి నడిచాను.

టోర్‌గ్రిమ్ వెనకాలే వచ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ తీయలేదు.

"ఆ తూటాలు ఎలాంటివి, ఆస్లౌగ్?"

"నీకు చేసినవాటిల్లో అంత మంచివి లేవు."

"అనుకున్నాను. రేపు కొట్లోవి తెచ్చినా అంతే," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరి. కుడిది పోయింది, ఎడమది పోతోంది. నడిమధ్యన బూడిద మచ్చ, చుట్టూ మాత్రం అంతా కనిపిస్తుంది. నీ మొహం చూడాలంటే నీ చెవి వైపు చూడాలి. అప్పుడు పక్కనుంచి నువ్వు వస్తావు."

"నేనేమో... తూరిద్ అనుకున్నాను."

"తూరిద్ ఏమిటి?" అన్నాడు. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, కారు మీద చెయ్యి ఆన్చి, భుజాలు ఊగేలా. ఎక్కడ నవ్వు ఆగి ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు. నేను అతన్ని పట్టుకున్నాను.

"దానికెందుకిచ్చావు మరి? నాతో ఒక్క ముక్క చెబితే పోయేదిగా!"

"ఖాళీ గొట్టాలు ఇంటికి రాకపోతే నువ్వు నేలమాళిగలోకి దిగవు. ఏం చేస్తావు మరి, రోజంతా నన్ను చూస్తూ కూర్చుంటావా?" ముక్కు తుడుచుకున్నాడు. "మడుగు దగ్గర అవతల వాళ్ళ కుర్రాడు ఉంటాడన్నాడు కదా ఐవిన్. ఆ రోజు నుంచీ నిద్ర లేదు. ఐదూ పడితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు."

వాడి కోటు గుండీ ఊడి వేలాడుతుంటే పట్టుకు నిలబడ్డాను. ఇంటికెళ్ళాక కుట్టాలి.

తాళాలు నా చేతిలో పెట్టాడు. కారు చుట్టూ తిరిగి, ముందుభాగం తడుముకుంటూ, అవతలి సీట్లో కూర్చున్నాడు. నేను ఇటెక్కాను. కాళ్ళు పెడల్స్‌కి అందలేదు.

"సీటు ముందుకి లాక్కో," అన్నాడు. "మళ్ళీ వెనక్కి జరపక్కర్లేదు."